లైవ్ ఎట్ ద విలేజ్ వాన్‌గార్డ్

లైవ్ ఎట్ ద విలేజ్ వాన్‌గార్డ్ అమెరికాకు చెందిన సుప్రసిద్ధ శాక్సోఫోన్ విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్ (1926-1967) ప్రత్యక్ష కచేరీల నుండి రూపొందించిన జాజ్ ఆల్బమ్. దీనిని ఇంపల్స్ సంస్థ 1962లో విడుదల చేసినది.

నేపథ్యం

న్యూయార్కు నగరంలోని గ్రీన్‌విచ్ విలేజ్‌లో నేలమాళిగలో ఉన్న చిన్న సంగీతశాల విలేజ్ వాన్‌గార్డ్. దీనిని మాక్స్ గోర్డన్ 1935లో స్థాపించాడు. 1961 నవంబరులో నాలుగు రాత్రుల పాటు ఇచ్చట కోల్ట్రేన్ బృందం కచేరీలను రూడీ వాన్ గెల్డర్ ధ్వనిముద్రణ చేశాడు. మెకాయ్ టైనర్ (పియానో), ఎల్విన్ జోన్స్ (డ్రమ్స్), ఎరిక్ డాల్ఫీ మొదలైనవారు ఇందులో పాల్గొన్నారు.

ఆల్బమ్‌లో మూడే అంశాలు ఉన్నాయి. మొదటి వైపు "స్పిరిచువల్", "సాఫ్ట్‌లీ యాజ్ ఇన్ ఎ మార్నింగ్ సన్‌రైజ్" ఉండగా, రెండవ వైపంతా "చేజిన్ ద ట్రేన్" ఒక్కటే ఆక్రమించినది.

చేజిన్ ద ట్రేన్

ఆల్బమ్‌కు పేరు తెచ్చినది సుమారు 16 నిమిషాల ఈ వాదనమే. దీనికి ముందుగా వ్రాసుకున్న వరుస లేదు. 12 గతుల బ్లూస్ చట్రం మాత్రమే ఆధారం. ఆ చట్రం ఆవర్తనం తరువాత ఆవర్తనంగా తిరుగుతూ ఉండగా, దానిపై కోల్ట్రేన్ టెనర్ శాక్సోఫోన్‌తో అప్పటికప్పుడు స్వరాలు అల్లుతాడు. మన సంగీతంలోని మనోధర్మం తెలిసినవారికి ఈ పద్ధతి కొత్త కాదు. అయితే ఇక్కడ రాగనియమం లేదు, చిన్న స్వరగుచ్ఛాన్ని తీసుకొని విరిచి, తిప్పి, చివరకు అరుపు వంటి ధ్వనులదాకా లాగటం ఉన్నది. పియానో వినిపించదు. అందువలన స్వరసమ్మేళనపు కట్టుబాటు సడలి, శాక్సోఫోన్‌కు, డ్రమ్స్‌కు మధ్య సంవాదమే ప్రధానమైనది. వాయిస్తూ వేదికపై కదలుతున్న కోల్ట్రేన్ వెంట మైక్రోఫోన్ పట్టుకొని వాన్ గెల్డర్ తిరగవలసి రావటం వలన ఈ పేరు వచ్చినదని చెబుతారు. "ట్రేన్" కోల్ట్రేన్ ముద్దుపేరు.

విమర్శలు

అదే నవంబరులో డౌన్‌బీట్ పత్రికలో జాన్ టైనన్ అనే విమర్శకుడు, వేరొక కచేరీ విని, కోల్ట్రేన్, డాల్ఫీల ధోరణిని "జాజ్ వ్యతిరేకం" అని నిందించాడు. 1962 ఏప్రిల్‌లో ఆ పత్రికే వారిద్దరి సమాధానాన్ని ప్రచురించినది. కొత్తగా వినేవారు "సాఫ్ట్‌లీ"తో మొదలుపెట్టటం మేలు.

తరువాతి విడుదలలు

అవే రాత్రులలో వాయించిన "ఇండియా" అనే రచన 1963లో ఇంప్రెషన్స్ ఆల్బమ్‌లో వచ్చినది. కోల్ట్రేన్‌కు భారతీయ సంగీతంపై గల ఆసక్తికి అది నిదర్శనం. పండిత్ రవిశంకర్ మీది గౌరవంతో ఆయన 1965లో జన్మించిన తన కుమారునికి రవి అని పేరు పెట్టాడు. నాలుగు రాత్రుల ముద్రణలు 1997లో నాలుగు సీడీల సంపుటిగా వెలువడినవి.