గొంతు మూగబోయినప్పుడు

గత శీతాకాలంలో మాకు వారం రోజులపాటు జలుబు, జ్వరం వచ్చాయి. జ్వరం తగ్గింది, ఆకలి పుట్టింది, కాని గొంతు మాత్రం తిరిగి రాలేదు. ఫజ్ర్ నమాజులో ఫాతిహా సూరా ప్రారంభించగా స్వరానికి బదులు గాలి వెలువడింది. మా ఖిరాఅత్ రెండవ వరుసకు కూడా చేరలేదు. మద్రసాలో పిల్లలకు హమ్జా నేర్పబోతే మా నోటనే హమ్జా పలకలేదు. నీరు త్రాగితే పొలమారేది. నాలుగు వాక్యాలు చెప్పేసరికి ఆయాసం వచ్చేది.

తెలిసినవారు తేనె, అల్లం, మిరియాల కషాయం చెప్పారు. జలుబు గొంతే కదా అని మేము నెలన్నర గడిపాము. ఇది మా మొదటి పొరపాటు. పిల్లలకు వినిపించాలని బలవంతంగా అరవడం రెండవది.

చివరకు చెవి, ముక్కు, గొంతు వైద్యులు ముక్కు గుండా సన్నని కెమెరా గొట్టాన్ని పంపి, లోపలి దృశ్యాన్ని తెరపై చూపించారు. కుడి స్వరతంతువు కదులుతున్నది, ఎడమది నిశ్చలంగా ఉన్నది. పుండు లేదు, గడ్డ లేదు. లోపం తంతువులో కాదు, దానిని కదిలించే నరంలో ఉన్నది. రెండు తంతువులు దగ్గరకు వచ్చి మూసుకుంటేనే స్వరం పుడుతుంది, హమ్జా పలుకుతుంది, నీరు శ్వాసనాళంలోకి పోకుండా ఉంటుంది.

ఈ నరం దారి విచిత్రమైనది. మెదడు నుండి మెడ గుండా దిగి, ఎడమవైపున గుండె నుండి వెలువడే మహాధమనిని చుట్టి, మళ్ళీ గొంతుకు ఎక్కుతుంది. యునానీ వైద్యంలో జాలీనూస్‌గా పేరుపొందిన గేలన్, ఈ నరాన్ని కోస్తే జంతువు అరుపు ఆగిపోతుందని 2వ శతాబ్దంలోనే చూపించారు.

థైరాయిడ్ శస్త్రచికిత్స, మెడలో లేదా ఛాతీలో గడ్డలు ఈ నరాన్ని దెబ్బతీయవచ్చు. అందుకే వైద్యులు మాకు సి.టి. స్కాన్ చేయించారు. అందులో ఏ దోషమూ కనబడలేదు. ఫ్లూ, కోవిడ్ వంటి వైరస్ జ్వరాల తరువాత కూడా ఈ నరం దెబ్బతినవచ్చునని, మాకు బహుశా అదే జరిగిందని చెప్పారు. నరం మెల్లగా కోలుకుంటుంది, నెలలు పట్టవచ్చు. అందుకే శాశ్వత శస్త్రచికిత్సకు సాధారణంగా దాదాపు ఒక సంవత్సరం వేచి చూస్తారు. ఈలోగా స్పీచ్ థెరపీ ఉన్నది. అవసరమైతే కదలని తంతువును మధ్యకు నెట్టే తాత్కాలిక ఇంజెక్షన్ కూడా ఉన్నది.

మేము ఇమామత్‌ను మరొకరికి అప్పగించాము. స్వరమే జీవనాధారమైన ఉస్తాదుకు ఇది చిన్న బాధ కాదు. ఒకనాడు హిఫ్జ్ చదివే బాలుడొకడు, "ఉస్తాద్, మీరు మెల్లగా చెప్పండి, నేను అందరికీ వినిపిస్తాను" అన్నాడు. దైవప్రవక్త (స) అస్వస్థులై నమాజు చేయించినప్పుడు, ఆయన తక్బీరును హజ్రత్ అబూబకర్ (రజి) ప్రజలకు వినిపించిన సంగతి మాకు గుర్తుకు వచ్చింది. మనసు కుదుటపడింది.

థెరపిస్టు చెప్పిన అభ్యాసాలు రోజూ చేశాము. గడ్డం కొద్దిగా వంచి, ఆగి ఆగి, చిన్న గుటకలుగా నీరు త్రాగాము. ఎనిమిదవ నెలలో, అల్హమ్దులిల్లాహ్, హమ్జా తిరిగి పలికింది. స్వరం పూర్తిగా మునుపటిలా లేదు. కాని పాఠం చెప్పగలుగుతున్నాము.

పాఠకులకు మా మనవి ఒక్కటే. జలుబు తగ్గినా గొంతు బొంగురు నాలుగు వారాలు దాటితే, స్వరపేటికను పరీక్ష చేయించుకోండి. పొగత్రాగేవారు, మెడలో గడ్డ ఉన్నవారు, మింగడం కష్టమైనవారు, దగ్గులో రక్తం పడేవారు అంతవరకు కూడా ఆగకూడదు. ఊపిరి పీల్చేటప్పుడు ఈలవంటి శబ్దం వస్తే, శ్వాస ఆడకపోతే, వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. దుఆ చేయడమూ, చికిత్స పొందడమూ రెండూ మన బాధ్యతలే. సహనం అంటే జబ్బును ఉపేక్షించడం కాదని మేము ఆలస్యంగా తెలుసుకున్నాము. మీరు ముందే తెలుసుకోండి.