ఎడారిలో ఆరువారాల పరీక్ష

పరీక్షాపత్రాలు దిద్దడం నా వృత్తి. ఇరవై యేళ్ళకు పైగా దిద్దుతున్నాను. పద్యంలో యతి తప్పినవాడికి మార్కు తగ్గించడంలో నా చెయ్యి యేనాడూ వణకలేదు. అటువంటి నాకు మార్కులు వెయ్యడం గురించి కొత్త పాఠం ఒకటి అమెరికాలో, అదీ ఒక ఆటస్థలంలో, దొరుకుతుందని కలలో కూడా అనుకోలేదు.

ఆ మధ్య దసరా సెలవులకు మరికొన్ని రోజులు జతచేసుకుని అరిజోనా రాష్ట్రంలో వున్న మా చెల్లెలి యింటికి వెళ్ళాను. ఫీనిక్స్ నగరం పక్కనే ఛాండ్లర్ అనే వూళ్ళో వాళ్ళ కాపురం. చుట్టూ ఎడారి, అక్టోబరు వచ్చినా మధ్యాహ్నం ఎండ చురుక్కుమంటూనే వుంది. రెండు రోజులు నేను వరండాలో కూర్చుని పుస్తకం తిరగేస్తుంటే మా మేనల్లుడికి జాలి వేసింది కాబోలు, “మామయ్యా, నీకు బేస్‌బాల్ చూపిస్తాను, రా” అని బయలుదేరదీశాడు.

స్కాట్స్‌డేల్ స్టేడియంలో పన్నెండువేలమంది పట్టేటంత చోటు వుంది. ఆ పూట వచ్చినవాళ్ళు కొన్ని వందలు. బ్యాటు పట్టేవాడికి సరిగ్గా వెనక వరసల్లో మాత్రం ఒక గుంపు కూర్చుంది. ఒకరి చేతిలో స్టాప్‌వాచీ, ఒకరి చేతిలో బంతి వేగం కొలిచే రాడార్ తుపాకి, అందరి వొళ్ళోనూ నోటుపుస్తకాలు. ఎవరూ చప్పట్లు కొట్టరు, ఎవరూ కేకలు వెయ్యరు. మా పరీక్షహాలులో ఇన్విజిలేటర్లు గుర్తుకొచ్చారు.

“వీళ్ళెవర్రా?” అన్నాను.

“స్కౌట్లు, మామయ్యా. వీళ్ళు రాసేదాన్నిబట్టే ఆటగాళ్ళ జాతకాలు మారిపోతాయి.”

క్రికెట్ తెలిసిన మనకు ఈ ఆట సగం తెలిసినట్టే. పిచ్చర్ అనేవాడు అరవై అడుగుల ఆరంగుళాల దూరం నుంచి బంతి విసురుతాడు. బంతి నేలకు తగలకుండానే వస్తుంది. కొట్టినవాడు తొంభై అడుగుల దూరంలో వున్న మొదటి బేసుకు పరుగెత్తాలి. పదిసార్లలో మూడుసార్లు శుభ్రంగా కొట్టగలిగితే వాడు గొప్పవాడు. ఏడుసార్లు తప్పినవాణ్ణి గొప్పవాడనే పరీక్ష మన విశ్వవిద్యాలయాల్లో లేదు సుమండీ!

మేజర్ లీగులో ముప్ఫయి జట్లున్నాయి. ఒక్కొక్క జట్టు కింద మైనర్ లీగు జట్లు మెట్లు మెట్లుగా వుంటాయి. పద్ధెనిమిదేళ్ళకో ఇరవైరెండేళ్ళకో చేరిన కుర్రాడు ఒక్కొక్క మెట్టూ ఎక్కుతూ పోవాలి. సీజన్ ముగిశాక పై మెట్టుకు దగ్గరగా వున్న కొద్దిమందిని ముప్ఫయి జట్లూ ఏరి ఈ ఎడారికి పంపుతాయి. అయిదేసి సంస్థల కుర్రాళ్ళను కలిపి ఒక జట్టు చేస్తారు. మొత్తం ఆరు జట్లు. ఆరువారాలు, సుమారు ముప్ఫయి ఆటలు. 1992లో మొదలైన ఈ ఏర్పాటుకు అరిజోనా ఫాల్ లీగ్ అని పేరు. ఇక్కడ గెలుపోటముల మీద ఎవరికీ పట్టింపు లేదు. ఎవడు ఎంతవాడో తేల్చుకోవడమే పని. ఆటగాళ్ళనే కాదు, నిబంధనలను కూడా యిక్కడే పరీక్షిస్తారు. పిచ్చర్ యిన్ని సెకన్లలో బంతి వెయ్యాలనే గడియారాన్ని 2014లో యిక్కడ పెట్టి చూచి, 2023లో మేజర్ లీగుకు తీసుకుపోయారు.

మా ముందు వరసలో ఒక వృద్ధుడు కూర్చుని వున్నాడు. వెనకటికి స్కౌటు పని చేసి విరమించుకున్నాడుట. అయినా మానలేక వస్తూనే వుంటాడుట. నేను కాలేజీలో పాఠాలు చెబుతానని తెలియగానే, “అయితే మనిద్దరిదీ ఒకటే పని” అని నవ్వి, తన నోటుపుస్తకం నా ముందుంచాడు.

వాళ్ళ మార్కులు సున్న నుంచి వందకు కాదు. ఇరవై నుంచి ఎనభైకి. యాభై అంటే మేజర్ లీగు ఆటగాళ్ళలో సగటు. కొట్టే నేర్పు, కొట్టడంలో బలం, పరుగు, బంతి పట్టడం, విసిరే చెయ్యి – అయిదింటికీ విడివిడిగా మార్కులు. కుడిచేత్తో ఆడేవాడు కొట్టిన క్షణం నుంచి మొదటి బేసు చేరడానికి 4.3 సెకన్లు పడితే యాభై, 4.0 అయితే ఎనభై. మూడు పదోవంతుల సెకనులో ఒక జీవితం!

నన్ను కట్టిపడేసింది మరొకటి. ప్రతి అంశానికీ రెండంకెలు వేసి వున్నాయి. ఒకటి యీనాడు వాడున్న స్థితి, రెండవది రేపు వాడు చేరగల స్థితి. ముప్ఫయి పక్కన యాభై అయిదు వున్న కుర్రవాడు, నలభై పక్కన నలభై వున్నవాడికంటె విలువైనవాడు.

“ఆ రెండో అంకె ఎలా వేస్తారు?” అన్నాను.

“ముందు వాడిక్కడికి ఎందుకొచ్చాడో కనుక్కోవాలి. అది తెలియకుండా పెన్సిల్ ముట్టుకోకూడదు” అన్నాడు ముసలాయన.

ఒకడు చేతికి దెబ్బ తగిలి వేసవంతా కూర్చుని, పోయిన ఆటలు పూడ్చుకోవడానికి వస్తాడు. ఒకడు కొత్త స్థానంలో నిలబడడం నేర్చుకోవడానికి వస్తాడు. ఒకణ్ణి వేరే జట్టుకు మార్చుకోవడానికి బజారులో సరుకు చూపినట్టు పంపుతారు. మరొకడు ఏప్రిల్ నుంచి ఆడి ఆడి అలసిపోయి వుంటాడు. పైగా చాలా జట్లు తమ మేలైన పిచ్చర్ల భుజాలు అరిగిపోతాయని యింటిదగ్గరే వుంచేస్తాయి. పొడిగాలిలో కొట్టిన బంతి దూరం పోతుంది. పిచ్చర్ తిప్పిన బంతి తక్కువ తిరుగుతుంది. కనుక యిక్కడి పరుగులు చూచి మురిసిపోయినా తప్పే, పిచ్చర్లను తీసిపారేసినా తప్పే.

2011లో మైక్ ట్రౌట్, బ్రైస్ హార్పర్ అనే యిద్దరు కుర్రాళ్ళు యీ స్కాట్స్‌డేల్ జట్టులోనే ఆడారు. హార్పర్ సగటు .333, ట్రౌట్ సగటు.245. అలసిన ట్రౌట్‌ను ఆ అంకెతో కొలిచినవాడు మరుసటి సంవత్సరమే నాలిక కరుచుకోవలసి వచ్చింది. 2012లో ట్రౌట్ .326 సగటుతో, ముప్ఫయి హోమ్ రన్లతో, ఆ యేటి ఉత్తమ కొత్త ఆటగాడయ్యాడు. అంతకు ముందు 1994లో బాస్కెట్‌బాల్ చక్రవర్తి మైకేల్ జోర్డన్ కూడా యిదే జట్టులో చేరి .252 సగటు తెచ్చుకున్నాడు. ట్రౌట్ కంటె ఎక్కువే! అయినా అతడు మేజర్ లీగులో అడుగు పెట్టకుండానే తన పాత ఆటకు తిరిగిపోయాడు.

ఇంకొక కథ చెప్పాడు. 2009లో గ్రాంట్ డెస్మ్ అనే యువకుడు యిక్కడ పదకొండు హోమ్ రన్లు కొట్టి ఆ యేటి మేటి ఆటగాడుగా బహుమతి అందుకున్నాడు. అందరూ పెద్ద పెద్ద అంకెలు వేశారు. కొద్ది నెలలకే, 2010 జనవరిలో, అతడు ఆట మానేశాడు, ఆ తరువాత క్రైస్తవ సన్యాసుల మఠంలో చేరిపోయాడు. కొన్నేళ్ళకు మఠమూ విడిచాడనుకోండి. “మేము చెయ్యి కొలిచాం, కాలు కొలిచాం. లోపల ఏముందో కొలిచే గడియారం మా దగ్గర లేదు” అన్నాడు ముసలాయన.

ఈ మార్కులు వట్టి ముచ్చట కాదు. నాలుగైదు సీజన్లు గడిచిన ఆటగాణ్ణి సంస్థ నవంబరులో తన నలభైమంది జాబితాలో చేర్చుకోవాలి. చేర్చుకోకపోతే డిసెంబరులో మరొక సంస్థ వాణ్ణి ఎత్తుకుపోవచ్చు. 1954లో బ్రూక్లిన్ వారు యిలాగే రక్షణ లేకుండా వదిలిన రాబర్టో క్లెమెంటీని పిట్స్‌బర్గ్ వారు తీసుకున్నారు. అతడు మూడువేల హిట్లు కొట్టి చరిత్రలో నిలిచిపోయాడు.

“మీరెప్పుడైనా పొరబడ్డారా?” అని అడిగాను.

ఆయన చాలాసేపు మైదానం వంక చూచాడు. “ఒక కుర్రాణ్ణి పనికిరాడని రాశాను. తల్లి జబ్బుతో వుందని నాకు తెలియదు. అడగలేదు” అన్నాడు.

నా గుండె కలుక్కుమంది. ఎందుకంటే నాకూ ఒక కుర్రాడున్నాడు. చాలాయేళ్ళ కిందట ఎం.ఏ.లో చేరడానికి నా అభిప్రాయం రాసివ్వమని వచ్చాడు. ఆ యేడాది తరగతిలో కునికిపాట్లు పడేవాడు. మార్కులూ అంతంత మాత్రం. ‘సామాన్యుడు’ అని ఒక్క మాట రాసి సంతకం పెట్టాను. వాడు మాట్లాడకుండా తీసుకుని దణ్ణం పెట్టి వెళ్ళిపోయాడు. కొన్నాళ్ళకు బస్‌స్టాండులో వాడి నేస్తం కనిపించి చెప్పాడు – ఆ యేడాదంతా వాడు రాత్రిళ్ళు బియ్యం మిల్లులో పనిచేసి తెల్లవారి కాలేజీకి వచ్చేవాడట. చదువు అంతటితో ఆగిపోయిందట. నేను వాడి నిద్ర చూచాను గాని, ఎందుకు నిద్రపోతున్నావని అడగలేదు.

తిరిగి వచ్చిన మొదటివారంలోనే మూడో సంవత్సరం అమ్మాయి ఒకతె అటువంటి కాగితమే పట్టుకుని నా గది గుమ్మంలో నిలబడింది. అర్ధసంవత్సర పరీక్షలో ఆమెకు వచ్చినవి ముప్ఫయి ఎనిమిది. కలం తీశాను. మళ్ళీ మూతపెట్టి, “కూర్చోమ్మా. ఈ యేడు ఇంటిదగ్గర ఎలా వుంది?” అన్నాను.

ఆ పిల్ల చెప్పడం మొదలుపెట్టింది. గంట కొట్టినా నేను లేవలేదు.