'ఎగ్'కి గుడ్డుతో పనేమిటి?

ఇంగ్లీషులో 'ఎగ్ ఆన్' అనే క్రియ ఒకటుంది. గుడ్డు గుర్తుకొస్తుంది గాని దానికీ దీనికీ చుట్టరికం లేదు. పాత నార్స్ భాష నుంచి వచ్చిన మాట యిది. కత్తి అంచుకు చెప్పే 'ఎడ్జ్' దీనికి జ్ఞాతి. కొడవలికి పెట్టినట్టు మనిషికి పదును పెట్టడమన్నమాట.

'ప్రోత్సహించు' అని తర్జుమా చేస్తే చాలదు. చదువుకోమని మేష్టారు వెన్నుతట్టడం ప్రోత్సాహం. 'ఎగ్ ఆన్' తరచు చేయకూడని పనికే. మన 'ఉసిగొల్పు' దీనికి దగ్గర.

మా ద్రాక్షారామం వైపు సంక్రాంతి కోడిపందాల బరి దగ్గర నిలబడితే తెలుస్తుంది. (కోడికాలికీ కత్తేగా!) "కాయండి బావగారూ, మీకేం తక్కువ!" అంటారు పదిమంది. కాసేది ఒక్కడే, అదీ కోతలయ్యాక చేతికొచ్చిన ధాన్యం డబ్బు. పండగెళ్ళాక కౌలు కట్టే రోజున ఆ పదిమందిలో ఒక్కడూ కనపడడు.