ఫీడ్ రీడర్ ఎంపికలో మెలకువలు

వాన కబురు, ప్రభుత్వ ప్రకటనల కోసం రోజూ నాలుగైదు వెబ్‌సైట్లు తిరగేయక్కర్లేదు. చాలా సైట్లు కొత్త సమాచారాన్ని ‘ఫీడ్’గా అందిస్తాయి. వాటిని చదివి, శీర్షికలన్నీ ఒకేచోట చూపే సాధనమే ఫీడ్ రీడర్. ఎంచుకునే ముందు ఈ జాగ్రత్తలు పాటించండి.

* ఆర్‌ఎస్‌ఎస్, ఆటమ్ రెండు రకాల ఫీడ్లనూ చదవాలి. తెలుగు అక్షరాలు గళ్లుగా మారకూడదు.

* ఇంటి దగ్గర తెచ్చుకున్న సమాచారం పొలంలో సిగ్నల్ లేకున్నా కనబడాలి.

* ఆర్‌ఎస్‌ఎస్‌లో తేదీ తప్పనిసరి కాదు. అది లేకుంటే కొన్ని రీడర్లు తాము తెచ్చుకున్న సమయాన్నే వేస్తాయి. పాత వాన హెచ్చరిక కొత్తదిలా కనిపిస్తుంది. దాన్ని నమ్మి మందు కొట్టడం ఆపితే పురుగు ముదురుతుంది. అసలు పేజీలో తేదీ చూశాకే నిర్ణయం తీసుకోండి.

* ఫీడ్ల జాబితాను ఓపీఎంఎల్ ఫైలుగా బయటకు తీసుకునే వీలుండాలి. గూగుల్ రీడర్ 2013 జులై 1న మూతపడినప్పుడు జాబితా దాచుకున్నవాళ్లు సులువుగా వేరే రీడర్‌కు మారారు.

ఆండ్రాయిడ్ ఫోనుకు ‘ఫీడర్’, కంప్యూటర్‌కు ‘థండర్‌బర్డ్’ ఉచితంగా దొరుకుతాయి. ముందు రెండు ఫీడ్లతో వారం రోజులు వాడి చూడండి. నచ్చితేనే మిగతావి చేర్చుకోండి.