గురుత్వ తరంగముల వేగపరీక్ష

మన ఇండ్లకు ప్రసంగములను మోసికొనివచ్చు రేడియో తరంగములు కాంతివేగముతో పయనించును. మరి గురుత్వ తరంగముల వేగమెంత?

ఈ ప్రశ్న వెనుక పెద్ద వివాదమే కలదు. విశ్వవిస్తరణ వేగము పుంజుకొనుచున్నదని 1998లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. దానికి కారణము కంటికి కానరాని కృష్ణశక్తియని కొందరనిరి. ఐన్‌స్టైన్ 1915లో చెప్పిన గురుత్వ సిద్ధాంతమునే సవరింపవలెనని మరికొందరు వాదించిరి. ఆ సవరణలలో పెక్కింటి ప్రకారము గురుత్వ తరంగముల వేగము కాంతివేగమునకు భిన్నము.

2017 ఆగస్టు 17న ప్రకృతియే పరీక్ష పెట్టినది. సుమారు 13 కోట్ల కాంతిసంవత్సరముల దూరమున రెండు న్యూట్రాన్ నక్షత్రములు ఢీకొన్నవి. సూర్యుని మించిన ద్రవ్యము పట్టణమంత గోళములో ఇమిడియుండు నక్షత్రములవి. ఆ తాకిడి పుట్టించిన గురుత్వ తరంగములను అమెరికాలోని లైగో యంత్రములు పసికట్టినవి. తరువాత 1.7 సెకండ్లకు వచ్చిన గామా కిరణములను ఫెర్మి ఉపగ్రహము గుర్తించినది. గామా కిరణములును కాంతిజాతివే.

ఈ లెక్కను మనమును వేసి చూడవచ్చును. రెండింటి వేగములలో నూరుకోట్లలో ఒకవంతు భేదమున్నను, ఇంత దూరపు పయనములో నెలకు పైగా ఎడము ఏర్పడవలెను. ఏర్పడినది రెండు సెకండ్లైనను లేదు. అదియైనను కిరణములు వెలువడుటలోని జాగు కావచ్చును. కనుక ఈ కాలమున గురుత్వ తరంగముల వేగమును కాంతివేగమునకు భిన్నముగా చెప్పిన సిద్ధాంతములు పెక్కు ఆ ఒక్క సంఘటనతో వీగిపోయినవి.

ఐన్‌స్టైన్ ఈ పరీక్షలో నెగ్గెను. కాని సమానవేగమును అంగీకరించు సవరణలు ఇంకను నిలిచియున్నవి. వెదకు బాట ఇరుకైనది, మూసికొనిపోలేదు.