చెర్రీ రొయ్యల ట్యాంకులో పురుగులు: ఏది శత్రువు, ఏది కాదు, వేప నూనె ఎందుకు వద్దు

పైన వీడియోలో చూపించిన తెల్ల పురుగుల గురించి చాలామంది అడిగారు. "అన్నా, నీమాస్త్రం నాలుగు చుక్కలు వేస్తే పోవా?" అనేదే ఎక్కువమంది ప్రశ్న. ముందు దానికే జవాబు చెప్తాను. వద్దు. చుక్క కూడా వద్దు.

వేపలో ఉండే అజాడిరక్టిన్ పురుగు మీద ఎట్లా పని చేస్తదో మనకు తెలుసు. పురుగు కుబుసం విడిచే హార్మోన్‌ను అది చెడగొడుతుంది. పెంకు మార్చుకోలేక పురుగు చస్తుంది. రొయ్య కూడా అదే కుటుంబం, దానికీ పెంకే ఒళ్లు, అదీ కుబుసం విడిచే పెరగాలి. పచ్చపురుగును ఆపే మందే రొయ్యనూ ఆపుతుంది. అగ్నిఅస్త్రంలో పొగాకు ఉంటది, బ్రహ్మాస్త్రంలో సీతాఫలం, కానుగ ఆకులు ఉంటయి. ఇవన్నీ చేనుకు సరే, ట్యాంకుకు విషమే. మైలుతుత్తం, బోర్డో మిశ్రమం కలిపిన బకెట్టు, మగ్గు కూడా ట్యాంకు దగ్గరకు తేవద్దు. రాగి చాలా కొద్దిగా ఉన్నా రొయ్యలు తట్టుకోలేవు. ప్రకృతి మందు కదా, ఏం కాదు అనే మాట ఇక్కడ చెల్లదు.

కొత్తవాళ్ల కోసం ఒక మాట. ఇది తినే నీలకంఠ రొయ్య కాదు. దాని పిల్లలకు మొదట్లో కొంచెం ఉప్పు నీళ్లు కావాలి. మనం పెంచే చెర్రీ రొయ్య అంగుళం, అంగుళంన్నర ఉండే అలంకార రొయ్య. మంచినీళ్లలోనే గుడ్డు నుంచి పిల్లదాకా అంతా అయిపోతుంది. తల్లి 20 నుంచి 30 గుడ్లను పొట్ట కింద నెలరోజులు మోస్తుంది. పుట్టిన పిల్ల ఒకటి, రెండు మిల్లీమీటర్లే. మన లాభం అంతా ఆ రెండు మిల్లీమీటర్ల పిల్ల బతకడంలోనే ఉంది, పురుగులు కొట్టేదీ దాన్నే.

వరి పొలంలో తూనీగ మనకు మిత్రుడు. ట్యాంకులో దాని పిల్ల మొదటి శత్రువు. సన్న తూనీగలు గుడ్లను నీటి మొక్క కాడ లోపలే పెడతాయి, పైకి కనబడవు. నర్సరీ నుంచి మొక్క తెచ్చి నేరుగా ట్యాంకులో పెడితే కొన్నాళ్లకు లోపల పుల్లలాంటి పురుగు తిరుగుతుంది. తోక చివర మూడు ఆకుల్లాంటి మొప్పలు ఉంటే అది సన్న తూనీగ పిల్లే. కింది పెదవిని చేయిలాగా ముందుకు చాపి రొయ్యను లాక్కుంటుంది. ఒక్కటున్నా రోజూ లెక్క తగ్గుతూనే ఉంటది. దీనికి మందు వెతకొద్దు. రాత్రి టార్చి వేసి, చిన్న వల గానీ పట్టకారు గానీ పట్టుకుని తీసేయడమే. బయట పెట్టిన టబ్బులకైతే దోమతెర బిగించండి.

దోమతెర అనగానే ఇంకో సంగతి. టబ్బులో దోమ లార్వా కనబడిందని గంబూసియా చేపలు గానీ, గప్పీలు గానీ వేయకండి. అవి లార్వాతోపాటు రొయ్య పిల్లలనూ మింగేస్తాయి. వానాకాలంలో దోమల మందు చల్లేవాళ్లు వస్తే టబ్బులు మూసి, గాలి పంపును ఆ పూటకు లోపలి గదిలోకి మార్చండి. నీళ్లలో పోసే టెమిఫాస్, పొగలో వచ్చే పైరిత్రాయిడ్ రెండూ రొయ్యలకు ప్రాణాంతకమే. దోమల కాయిల్ కూడా ట్యాంకు గదిలో వెలిగించొద్దు.

ఇక వీడియోలోని తెల్ల పురుగు. గాజు మీద జారుతూ పోయే చదును పురుగు, బాణం ములుకులాంటి తల, రెండు కళ్లు. ఇది ప్లనేరియా. గుడ్లమీద ఉన్న తల్లినీ, అప్పుడే కుబుసం విడిచి మెత్తగా ఉన్న రొయ్యనూ పట్టుకుంటుంది. చిదిమేద్దాం అనుకోకండి, ముక్క చేస్తే ముక్కకో పురుగు అవుతుంది. పక్కన సన్న దారంలాగా వంకర్లు తిరుగుతూ ఈదే పురుగులు వేరు. అవి మురికి తినే పురుగులు, ఏ హానీ చేయవు. నువ్వుగింజంత గుండ్రంగా చకచకా తిరిగేవి కూడా అంతే. ఇవి ఎక్కువైతే మేత ఎక్కువైందని గుర్తు, అంతవరకే. చేలో మిత్ర పురుగుల్ని చూసి మందు కొట్టనట్టే ఇక్కడా కొట్టొద్దు. చిన్న నత్తలనూ వదిలేయండి.

మూడోది హైడ్రా. గాజుకు అతుక్కుని, పైన వెంట్రుకల్లాంటి చేతులు ఊపుతూ ఉంటది, సెంటీమీటరు లోపే. పెద్ద రొయ్యను ఏం చేయలేదు గానీ పుట్టిన పిల్లను కుట్టి పట్టుకుంటుంది. పక్కనే మొగ్గ వేసి పెరుగుతుంది కాబట్టి ఒకటి చూసిన రోజే పని మొదలుపెట్టాలి.

ప్లనేరియాకు, హైడ్రాకు మొదటి మందు మేత తగ్గించడం. రెండు గంటల్లో అయిపోయేంతే వేయండి, మిగిలింది తీసేయండి. రెండు, మూడు రోజులు అసలు వేయకపోయినా రొయ్యలు పాచి తిని బతుకుతాయి. తర్వాత ఉచ్చు. చిన్న ప్లాస్టిక్ డబ్బాకు రొయ్య దూరనంత సన్నని రంధ్రాలు పెట్టి, లోపల కోడి మాంసం ముక్క వేసి, రాత్రి లైటు తీసేశాక అడుగున పెట్టండి. పొద్దున్నే తీసి, అందులోని నీళ్లను ట్యాంకులోకి ఒంపకుండా పారబోయండి. వారం రోజులు ఇదే చేస్తే సగానికి పైగా తగ్గుతాయి. పూర్తిగా పోవు.

పూర్తిగా పోవాలంటే రెండు దారులు. ఒకటి వక్క. వక్కలో ఉండే అరెకోలిన్ పురుగుల నరాలను కట్టేస్తుంది, పూర్వం కుక్కల బద్దెపురుగుకు దీన్నే వాడేవాళ్లు. అక్వేరియం షాపుల్లో దొరికే ప్లనేరియా పొడుల్లో కొన్ని వక్క నుంచే చేస్తారు. ప్యాకెట్టు మీద రాసిన కొలతే వాడండి. ఇంట్లో వక్క నానబెట్టి అంచనాగా పోయొద్దు, ఒక్కో కాయలో బలం ఒక్కోలా ఉంటది. రెండోది ఫెన్‌బెండజోల్, పశువులకు, కుక్కలకు ఇచ్చే నట్టల మందు. పెంపకందార్లు వాడే కొలత లీటరుకు సుమారు 0.6 మిల్లీగ్రాములు. అంటే 60 లీటర్ల ట్యాంకుకు 150 మిల్లీగ్రాముల మాత్రలో పావు భాగం, మెత్తగా నూరి కలపాలి. ఒక్క ఫెన్‌బెండజోలే ఉన్న మాత్ర కావాలి, వేరే మందులు కలిసింది వద్దు. కొట్టంలో ఉంది కదా అని ఐవర్‌మెక్టిన్ పోస్తే ఒక్క రొయ్యా మిగలదు. రెండు దారుల్లోనూ ముందు నాలుగు రొయ్యలతో వేరే సీసాలో ఒకరోజు పరీక్షించండి, ఇష్టమైన నత్తలుంటే బయటికి తీయండి. చచ్చిన పురుగులు కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది, కాబట్టి మరునాడు మూడో వంతు నీళ్లు మార్చాలి. నా మట్టుకు ఉచ్చుతో తగ్గకపోతేనే మందు జోలికి పోతాను. ట్యాంకు నీళ్లు మామూలుగా కరివేపాకుకు, ఆకుకూరలకు పోస్తాను. మందు వేసిన నీళ్లు మాత్రం ప్రకృతి సేద్యం మడిలోకి పోనివ్వను.

రొయ్య తల ముందు తెల్లటి చిన్న వేళ్లలాగా కనిపిస్తే అది స్కుటరియెల్లా. దానికి ఉప్పు స్నానం చాలు. ఒక కప్పు ట్యాంకు నీటిలో ఒక టేబుల్ స్పూను అయోడిన్ లేని ఉప్పు కరిగించి, రొయ్యను అర నిమిషం నుంచి నిమిషం ఉంచి తీయండి. విడిచిన కుబుసాల్లో దాని గుడ్లు ఉంటాయి, ఆ కొద్దిరోజులు కుబుసాలను ఏరేయండి.

బొల్లారం, పటాన్‌చెరు వైపు వాళ్లకు నీళ్ల గురించి విడిగా చెప్పాలి. ఇక్కడి కాలుష్యం మీద 1990లోనే సుప్రీంకోర్టుకు వెళ్లారు. 2007లో వచ్చిన ఒక పరిశోధనలో పటాన్‌చెరు ఉమ్మడి శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా తేలింది. అందుకే బోరు నీళ్లు పోసి రొయ్యలు చస్తే ముందే ప్లనేరియా మీద పడకండి. పురుగు అయితే పిల్లలు మెల్లగా తగ్గుతాయి, పెద్దవి బతికే ఉంటాయి. నీళ్లు మార్చిన పూటే పెద్దవి, చిన్నవి ఒకేసారి పడిపోతే అది నీళ్ల దెబ్బే. నేను కుళాయి నీళ్లను డ్రమ్ములో గాలి పంపు పెట్టి ఒకరోజు ఉంచి, క్లోరిన్ పోయిందో లేదో స్ట్రిప్పుతో చూసి పోస్తాను. వాన నీళ్లు పడితే మొదటి రెండు, మూడు వానలు వదిలేయాలి, మన పైన పొగ గొట్టాలున్నాయి కదా. వాన నీటిలో లవణాలు ఉండవు, కుళాయి నీళ్లతో కలిపే వాడండి.

కొత్త మొక్కను వేరే టబ్బులో నాలుగు వారాలు ఉంచి, పురుగు రాకపోతేనే ట్యాంకులోకి తెస్తాను. టిష్యూ కల్చర్ కప్పులో వచ్చే మొక్కకు ఆ బాధ లేదు, జెల్లీ కడిగి నేరుగా పెట్టొచ్చు. ధర ఎక్కువే గానీ తూనీగ పిల్ల తినేసే రొయ్యల ధరతో పోలిస్తే ఎక్కువ కాదు. ఉచ్చు డబ్బాకు రంధ్రాలు పెట్టే విధానం కింది వీడియోలో ఉంది, చూసి చేసుకోండి.