మోటారు వాహనముల పొగ పరీక్ష – అందలి రసాయన శాస్త్రము

చెన్నపురిలో పెట్రోలు బంకుల చెంత వాహనముల పొగను పరీక్షించు కేంద్రములు కానవచ్చును. అచ్చట పొగగొట్టములో సన్నని గొట్టమును దూర్చి, కొన్ని అంకెలుగల ధ్రువపత్రము నిత్తురు. ఆ యంకెల యర్థమును వాహనదారులు తెలిసికొనుట మేలు.

పెట్రోలు కర్బనము, ఉదజని కలిసిన పదార్థముల మిశ్రమము. అది పూర్తిగా దహించినచో బొగ్గుపులుసు వాయువును, నీటి ఆవిరియు మాత్రమే యేర్పడును. ఇందులకు తూకములో ఒక పాలు పెట్రోలునకు సుమారు 14.7 పాళ్ల గాలి వలయును. గాలి చాలనిచో కర్బనము అరకొరగా దహించి కార్బన్ మోనాక్సైడు అగును. దీనికి రంగు లేదు, వాసన లేదు. అయినను రక్తములోని హిమోగ్లోబినును ఆమ్లజనికంటె 200 రెట్లకు పైగా గట్టిగా అంటిపెట్టుకొని, శరీరమునకు ఆమ్లజని యందకుండ జేయును. దహింపని యింధనము హైడ్రోకార్బనులుగా వెలువడును.

పరీక్షాయంత్రము పొగగుండ పరారుణ కిరణములను ప్రసరింపజేయును. ఒక్కొక్క వాయువు తనకు తగిన కిరణములనే గ్రహించును. ఆ తగ్గుదలను బట్టి వాయుపరిమాణము తెలియును. డీజిలు వాహనములందు ముఖ్యముగా చూడవలసినది మసి. గేరు వేయక యాక్సిలరేటరును పూర్తిగా నొక్కి, పొగ కాంతిని ఎంత అడ్డగించునో కొలుతురు.

1995 ఏప్రిల్ 1 నుండి, నాడు మద్రాసనబడిన యీ నగరముతో సహా నాలుగు మహానగరములలో కొత్త పెట్రోలు కార్లకు కేటలిటిక్ కన్వర్టరు విధింపబడినది. అందలి ప్లాటినము మొదలగు లోహములు కార్బన్ మోనాక్సైడును బొగ్గుపులుసు వాయువుగా మార్చును. సీసము ఆ లోహములను కప్పి నిరుపయోగము చేయును గనుక, సీసము లేని పెట్రోలును అప్పుడే ప్రవేశపెట్టిరి. పాత కార్లకు కార్బన్ మోనాక్సైడు పరిమితి 3 శాతము కాగా, భారత్ స్టేజి 4 కార్లకు 0.3 శాతము, అనగా పదియవ వంతు.

అయినను ఈ పరీక్షకు మేర కలదు. ఇంజను వేడికి గాలిలోని నత్రజని దహించి యేర్పడు ఆక్సైడులు, బండి బరువు లాగునప్పుడు హెచ్చును. నిలిచియున్న బండిపై చేయు ఈ పరీక్ష వానిని కొలువదు. ఇది నాడి చూచుట వంటిది; వ్యాధి నంతయు తెలుపకున్నను, హెచ్చరిక చేయును. అంకె హెచ్చినచో గాలి వడపోత, స్పార్కు ప్లగ్గు, కన్వర్టరు సరిచూపించుకొనవలెను. బండిని తీసికొనిపోకయే పత్రము సంపాదించువానికి కాగితము దక్కును గాని, కూడలిలో నిలుచు పోలీసువానికిని, బాటప్రక్క పూలమ్ముకొను స్త్రీకిని మంచిగాలి దక్కదు.